రైలు జాగ

మా సిద్దిపేటకు రైలు వచ్చింది. వస్తుందని నా పాలపళ్లు ఊడే రోజుల్లో చెప్పారు, ఉన్న పళ్లు కూడా ఊడాక వచ్చింది. ఊరంతా సంబరపడింది, పడనీ. నేను మాత్రం మొన్నటిదాకా ఆ స్టేషను ముఖం చూడలేదు.

మొన్న మా తమ్ముడు కంటి ఆపరేషన్ కోసం సికింద్రాబాదు బయలుదేరాడు. బస్సులో పొమ్మన్నాను. "ఇంటి ముంగట రైలు వెట్టుకొని బస్సెందుకక్కా" అన్నాడు. అక్కడ కొడుకు వచ్చి దింపుకుంటాడట. అయినా ఒక కన్ను మసకబారిన మనిషిని ఒంటరిగా పంపబుద్ధి కాక, స్టేషను దాకా నేనూ ఆటో ఎక్కాను.

ఆటో అబ్బాయి మా మనవడి ఈడువాడు. "మెయిన్ రోడ్డు మీద మస్తు ట్రాఫిక్ ఉన్నదమ్మా, గీ వెంచర్లకెల్లి తీస్కపోత, జల్ది దించుత" అంటూ పక్కకు తిప్పాడు. అటూ ఇటూ కొత్త ఇళ్లు. నడుమ సిమెంటు రోడ్డు, ఎక్కడా వంకర లేకుండా తీగ పట్టి గీసినట్టు పోతోంది. ఎడమ పక్కన గుట్ట కనిపించింది, రాయి కోసం సగం కొట్టేసి ఉంది. కుడి పక్కన మూలకు ఒక చింతచెట్టు. ఆ రెండింటినీ చూడగానే ఎక్కడున్నానో తెలిసింది. ఈ రోడ్డు వేసింది ఏ ఇంజనీరూ కాదు, నేను. తొమ్మిదేళ్ల వయసులో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పక్కన కూర్చున్న ఈ తమ్ముణ్ణే తోడు పెట్టుకుని వేశాను.

అప్పుడు ఇక్కడ ఊరు లేదు. ఊరు దాటి చాలా దూరం నడిస్తే మా బాపు చెలక వచ్చేది. వానొస్తే పండేది, రాకపోతే లేదు. జొన్నలు, కందులు, గట్ల మీద అనుములు. ఒక కొసన చింతచెట్టు, దాని కింద మా గూనపెంకుల ఇల్లు. రెండో కొసన గుట్ట. గుట్ట దగ్గర నేలంతా పరుపుబండ, గడ్డి కూడా మొలిచేది కాదు. వేసవిలో మా ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. గచ్చు మీద అలికిన పేడ, దాలిలో కాగుతున్న పాలు, ఉట్టి మీద మూకుడులో మిగిలిన సర్వపిండి. ఆ సర్వపిండి కోసం నేనూ తమ్ముడూ ఒకరి భుజాల మీద ఒకరం ఎక్కి ఉట్టి తాడు తెంపి తన్నులు కూడా తిన్నాం.

మా అమ్మ పుట్టిల్లు రైలుకట్ట పక్క ఊరు. గోడకు ఆనుకొని పట్టాలు పోయేవట. రైలు కూత వింటూ పుట్టి, రైలు కూత వింటూ పెరిగి, రైలే లేని సిద్దిపేటకు కోడలై వచ్చింది. మా ఇంట్లో గడియారం లేదు, అవసరమూ లేకపోయేది. "ఇగో, ఇప్పుడు మా ఊర్ల పొద్దటి ప్యాసింజర్ పోతుంటది, లేవున్రి" అని మమ్మల్ని లేపేది. "గూడ్సు బండి పోయే యాళ్లయింది, ఎసరు వెట్టాలె" అని పొయ్యి ముట్టించేది. వినిపించని రైళ్ల మీద మా ఇల్లు నడిచేది. మా మేనత్తలు "మీ అమ్మ చెవుల్ల పట్టాలున్నయ్‌రా" అని ఆటపట్టించేవారు. అమ్మ నవ్వి ఊరుకునేది. అమ్మమ్మ అక్కడ ఒంటరిగా ఉండేది. చూసి రావాలంటే రెండు బస్సులు మారి, ఎడ్లబండి దొరికితే బండి, లేకపోతే నడక. ఏడాదికి ఒకసారి పోతే గొప్ప.

ఆ ఎండాకాలం మొదట్లో బాపు నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చెలకంతా కళ్లు మూసుకుని నడిచాడు. మేం ఊపిరి బిగబట్టి వెనక నడిచాం. మా ఇంటికి కూతవేటు దూరంలో కొబ్బరికాయ లేచి నిలబడింది. "గీడ తవ్వు పటేలా. ఎక్కువ లోతు గూడ అక్కర్లేదు. తియ్యటి నీళ్లు" అన్నాడాయన. బాపు అక్కడ ఒక రాయి పాతాడు. పంటలు ఇంటికొచ్చాక బావి మొదలుపెట్టాలని అనుకున్నాడు. బావి వస్తే వరి వేయాలని, నన్ను పెద్ద బడికి పంపాలని, అమ్మకు కట్టెల పొయ్యి కోసం బయట కొత్త వంటకొట్టం కట్టాలని, ఆ ఒక్క రాయి మీద చాలా పెట్టుకున్నాడు.

తర్వాత పది రోజులకు రైలు సర్వేవాళ్లు వచ్చారు. మా చింతచెట్టు నీడలోనే గుడారం వేశారు. దుర్భిణీ పెట్టిన మూడుకాళ్ల పీట, ఇనుప గొలుసు, ఎర్రజెండాలు. తమ్ముడు ఒక ఎర్రజెండా ఎత్తుకొచ్చి గోచి పెట్టుకుని పగలంతా తిరిగాడు. దాన్ని వెతకలేక వాళ్ల జవాను తల పట్టుకున్నాడు. వాళ్లకు వండిపెట్టే ముసలాయన ఒకడుండేవాడు, నెత్తిన తెల్ల టోపీ, చేతిలో ఎప్పుడూ గంటె. పొద్దున్నే కిచిడీ, ఖట్టా చేసేవాడు. ఆ చింతపండు, నువ్వుల వాసనకు మా కడుపులు అక్కడికే పరుగెత్తేవి. మా అమ్మ పచ్చిపులుసు గిన్నె పంపితే, ఆయన ఖట్టా పంపేవాడు. రెండింటిలో ఏది పుల్లనో తేల్చడానికి మేమిద్దరం రెండూ ఖాళీ చేసేవాళ్లం.

బాపు అప్పుడు ఇంట్లో లేడు. మిరుదొడ్డిలో మేనత్త ఇంట పెళ్లి ఉంటే పందిళ్ల పనికి ముందే పోయాడు. ఒకరోజు అమ్మ నీళ్ల బిందె దించి వంటాయనను అడిగింది.

"భాయ్, నిజంగ రైలొస్తదా?"

"పక్కా వస్తది చెల్లే. వానకాలం పోయినంక పట్టాలేస్తరు. మీ చెలకలకెల్లే పోతది. గో, గా గుట్ట కిందికెల్లి."

అమ్మ గుట్ట వైపు చూసింది. "అంత దూరమా? గాడికెల్లి పోతె గీడికి సప్పుడు గూడ ఇనరాదు గద" అంది.

బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. కానీ ఆ మాట అన్నప్పుడు అమ్మ ముఖం చిన్నబోవడం నేను చూశాను. చూడకపోయినా బాగుండేది.

రెండు రోజుల తర్వాత మా చెలకలో, గుట్ట అంచు వెంబడి నాలుగు ఖూంటీలు పాతారు. చేతెడు కర్రలు, తలకు ఎర్రరంగు. "వీటిని ముట్టొద్దు. వీటి పొంటి ఏం కట్టొద్దు, ఏం తవ్వొద్దు. పీకినోళ్లను జైల్ల ఏస్తరు" అని జవాను ఊరందరికీ చెప్పాడు. మర్నాడు పొద్దున గుడారం ఎత్తేసి పోయారు. వాళ్ల ట్రాక్టరు దుమ్ము అణగకముందే పక్క చెలకలవాళ్లు తమ ఖూంటీలు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. ఎండిన కర్ర, బాగా మండిందట.

మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తోంది. నేను తమ్ముణ్ణి లేపాను. రైలు అమ్మకు దగ్గరగా రావాలి, అంతే. జైలు భయం లేకపోలేదు. కానీ అమ్మ ముఖం ముందు జైలు ఎంత. కాళ్లు కాలుతుంటే మోదుగాకులు కట్టుకున్నాం. ఒక్కొక్క ఖూంటీని ఊపి ఊపి పీకి, చెలకకు అడ్డంగా మోసుకొచ్చి ఇంటి దగ్గరగా పాతాం. వారం రోజులు సర్వేవాళ్ల వెంట తిరిగినదాన్ని, వరుస ఎట్లా చూస్తారో నాకు తెలుసు. ఒక కొసన తమ్ముణ్ణి ఎర్రగోచి ఊపుతూ నిలబెట్టి, రెండో కొసన నేల మీద పడుకుని ఒక కన్ను మూసి చూశాను. నాలుగూ సూటిగా వచ్చాయి. పంతులు చెప్పిన పని ఏదీ నేను అంత శ్రద్ధగా చేయలేదు. వరుసలో బాపు పాతిన రాయి పడింది. అది రాయే కదా అనుకున్నాను.

సాయంత్రం అమ్మ బయటికొచ్చి ఖూంటీలను చూసి ఆగిపోయింది. చాలాసేపు చూసింది. "మనసు మార్చుకున్నరు గావచ్చు" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇక నా నోటికి తాళం పడింది. ఆమెకు అనుమానం వచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నాలుగు రోజులకు బాపు వచ్చాడు. చెప్పులు విడవకుండానే ఖూంటీల వెంబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. తను పాతిన రాయి దగ్గర కూర్చున్నాడు. చివరికి లేచి, "మన చెలకలకెల్లి రైలు పోతదంటే మాటలా. పదిమందికి పనికొచ్చేది. బాయిదేముంది, ఇంకో కాడ తవ్వుకుందం" అన్నాడు. ఖూంటీలకు అటు ఇరవై అడుగులు, ఇటు ఇరవై అడుగులు కొలిచి హద్దు గీశాడు. ఆ రాయిని తనే పెకిలించి పక్కకు దొర్లించాడు.

ఆ నలభై అడుగుల నేలను బాపు మళ్లీ దున్నలేదు. దానికి రైలు జాగ అని పేరు పడింది. ఎడ్లను కూడా దాని మీద నుంచి తోలేవాడు కాదు, చుట్టు తిరిగి పోయేవాడు. ఏటా ఉగాదికి ఇంటి గడపతో పాటు ఆ ఖూంటీలకూ ఎర్రమట్టి జాజు పూసేవాడు, చెద పట్టినవాటికి బదులు వేపకొమ్మతో అదే కొలతలో కొత్తవి చెక్కి పాతేవాడు. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు ఉన్నది నీ కత" అని పక్క చెలకవాళ్లు నవ్వేవారు. "సర్కారు మాటిచ్చింది, వస్తది" అనేవాడు బాపు. నా పని బాపు నెత్తిన సర్కారు మాటై కూర్చుంది.

దున్నని నేలలో గునుగు మొలిచింది, తంగేడు మొలిచింది. బతుకమ్మ పండుగకు ఊళ్లోని ఆడపిల్లలంతా "రైలు కాడికి పోదాం" అంటూ గంపలు పట్టుకుని వచ్చేవారు. తెల్లగా, పొడవుగా గునుగు ఊగుతుంటే అమ్మ దాని అంచున కూర్చుని మా జడలు అల్లేది. "గీడనే ఎక్కుదుం బిడ్డా. పొద్దుగాల ఎక్కితే పగటాల్లకు మా అవ్వ కాడుంటం. పొద్దూకంగ మల్ల వాపస్" అనేది. ఆ రెండు మూడు బతుకమ్మలు అమ్మ నిజంగా సంతోషంగా ఉంది. నేను చేసిన దానిలో మంచి అంటూ ఉంటే అంతే.

ఒక చలికాలం కబురు వచ్చింది, అమ్మమ్మకు బాగాలేదని. అమ్మ కట్టుబట్టతో బయలుదేరింది. పాత బస్టాండులో మొదటి బస్సు దొరకలేదు. రెండోది దారిలో ఆగిపోయింది. అమ్మ చేరేసరికి అంతా అయిపోయి, స్నానాలు చేసి వస్తున్నారట. పిడికెడు మన్ను కూడా వేయలేకపోయింది. తిరిగి వచ్చాక ఇల్లూడుస్తూ, వంట చేస్తూ అన్నీ మామూలుగానే చేసింది. రైళ్ల మాట మాత్రం ఎత్తలేదు. పొద్దున లేపేటప్పుడు "లేవున్రి" అనేది, అంతే. ఒకసారి నేనే ఉండబట్టలేక, "ఇప్పుడు ఏ రైలు పోతుంటదమ్మా" అని అడిగాను. "నాకేం తెల్సు బిడ్డా" అంది.

బావి సంగతి చెప్పాలి. బాపు దాన్ని గుట్ట వైపు తవ్వాడు, ఖాళీ ఉన్నది అక్కడే కనుక. మొదటి ఎండాకాలం మొరం, రెండో ఎండాకాలం బండ. మూడో ఎండాకాలం మందుపెట్టి పేల్చారు, ఆ చప్పుడుకు మా ఇంటి గూనలు పగిలాయి. నీటి చుక్క పడలేదు. ఆ బండల మీద రైలు పోవలసింది, రైలు జాగలో బావి పడవలసింది.

ఒక పగటిపూట సద్ది తీసుకుని పోయాను. అప్పటికి నాకు పన్నెండు. బాపు ఎండిన బావి ఒడ్డున, కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చున్నాడు. చేతులు పగిలి, వేళ్ల మధ్య నెత్తురు ఎండిపోయి ఉంది. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించాడు.

"గా జాగల తవ్వితే ఈపాటికి నీళ్లల్ల ఈతకొడుతుంటిమి బిడ్డా" అన్నాడు. "ఏం జేస్తం, రైలు జాగ. మనకు బాయి కావాలె, ఊరికి రైలు కావాలె. ఊరే పెద్దది గద."

అప్పుడు చెప్పాల్సింది. అంతకంటే మంచి సమయం జీవితంలో మళ్లీ రాలేదు. చెబితే బాపు కొట్టేవాడు, తర్వాత లేచి పార తీసుకుని అటు నడిచేవాడు, అందరం బతికేవాళ్లం. నోరు తెరిచాను. "సల్ల పోయనా బాపు" అన్నాను.

ఆ తర్వాత కరువు వచ్చింది. ఎడ్లు పోయాయి. బాపు బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు, అమ్మ బీడీలు చుట్టింది. మా ఇంటి పేడ వాసన, పాల వాసన పోయి పొగాకు ఘాటు వచ్చింది. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది, నేనూ తునికాకు కత్తెర పట్టుకుని అమ్మ పక్కన చాట ముందు కూర్చున్నాను. దానికి ఎవరినీ ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. చాలా ఏళ్ల తర్వాత ప్రైవేటుగా పరీక్షలు రాసి అంగన్‌వాడీలో చేరాను, ఇంతమంది పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పాను. చెబుతున్నప్పుడల్లా సిగ్గుగా ఉండేది.

అమ్మ ముందు పోయింది. బాపు మిల్లు దుమ్ముతో దగ్గి దగ్గి తర్వాత పోయాడు. పోయే ముందు తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, "రైలోళ్లు వస్తే ఆ ఖూంటీలు అప్పజెప్పు. ఒక్క ఇంచు జరగలేదని చెప్పు" అన్నాడు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడి విన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. పోయే మనిషి నమ్మకాన్ని ఎందుకు విరగ్గొట్టాలి అనుకున్నానని ఇంతకాలం నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి భయం, అంతే.

రైలోళ్లు రాలేదు. ప్లాట్లవాళ్లు వచ్చారు. తమ్ముడు చెలక అమ్మేశాడు, వాడినేం అనను. నేను అప్పుడు ఉద్యోగం మీద వేరే మండలంలో ఉన్నాను. ఆ తర్వాత ఆ వైపు అడుగుపెట్టలేదు, మొన్నటిదాకా. చివరికి వచ్చిన రైలు గుట్టకు అటు వెనక నుంచి, మా చెలకను తాకకుండానే పోయింది. సర్వేవాళ్లు పాతిన చోటూ కాదు, నేను పాతిన చోటూ కాదు. ఖూంటీలు మొదటి నుంచీ ఉత్తవే. కానీ బావి ఉత్తది కాదు కదా.

స్టేషను బాగుంది. అద్దంలాంటి గచ్చు, కొత్త రంగు వాసన, నాలుగు బెంచీలు, పట్టుమని పాతికమంది లేని జనం. ముందర ఒక టీ కొట్టు, ఎటు చూసినా ప్లాట్ల బోర్డులు. తమ్ముడికి టికెట్ తీసుకుంటూ, అడగకూడదనుకుంటూనే అమ్మ పుట్టిన ఊరి పేరు చెప్పి, "అక్కడికి ఇస్తరా" అని అడిగాను. కిటికీ లోపలి పిల్ల కంప్యూటర్‌లో వెతికింది. "ఆ ఊరు ఈ లైన్ కాదమ్మా. ఆ లైన్ల గూడ ఇప్పుడు గాడ బండ్లు ఆగుతలెవ్వు" అంది. సరే అన్నాను.

బెంచీ మీద కూర్చున్నాక తమ్ముడికి చెప్పాను. ఇన్నేళ్లకు, మొత్తం, మోదుగాకుల చెప్పులతో సహా చెప్పాను. వాడికి ఇప్పుడు డెబ్బైకి దగ్గర. మసక కంటితో నా వైపు తిరిగి విన్నాడు, తర్వాత పెద్దగా నవ్వాడు.

"నాకు యాదికే లేదక్కా" అన్నాడు. "ఎర్రగోచి మాత్రం జరంత యాదికున్నది."

"నీకు కోపం రాలేదారా?"

"ఎందుకస్తది? మంచే జేసినవ్. ప్లాట్లాయన చూడంగనే, 'గీ దున్నని జాగ నలభై ఫీట్ల రోడ్డుకు సరిగ్గ సరిపోతది' అన్నడు. లేకుంటె రోడ్డు కింద మంచి జాగ పోతుండె." వాడు నా చేయి తట్టాడు. "పోయినోళ్ల ముచ్చట ఇప్పుడెందుకక్కా. బండి వచ్చే యాళ్లయింది."

రైలు వచ్చింది. నేను వాణ్ణి ఎక్కించాను, కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. రైలు కూత వేసింది. అమ్మ ఒక్కసారి కూడా సిద్దిపేటలో వినని కూత అది. నాకు ఏడుపు రాలేదు. రావాల్సింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కలేదు, నడిచాను. బాపు జాగ మీద మొదటిసారి నడిచాను, బాపు ఎడ్లను కూడా నడవనివ్వని జాగ మీద. ఖూంటీలు లేవు. గునుగు లేదు. చింతచెట్టుకు, గుట్టకు మధ్య అడుగులు లెక్కబెట్టుకుంటూ పోతే, రాయి ఉండాల్సిన చోట రోడ్డు అంచున ఒక బోరు, దాని పక్కన సిమెంటు తొట్టి. తొట్టి నిండి నీళ్లు రోడ్డు మీదికి పారుతున్నాయి. ఒక నడివయసు ఆమె బిందె కడుగుతోంది.

"నీళ్లు ఊకె పోతున్నయ్ గదమ్మా" అన్నాను.

"ఎంత పోయినా ఒడువయ్. నడి ఎండకాలం గూడ ఆగదు గీ బోరు. శానా లోతు గూడ ఏసింది కాదు, నీళ్లు మీదికే ఉన్నయట" అంది ఆమె. నా ముఖంలో ఏం చూసిందో, "ఎండల వడి వచ్చినట్టున్నవ్, తాగుతవా?" అని చెంబు నిండా పట్టి ఇచ్చింది.

తాగాను. తియ్యగా ఉన్నాయి. కొబ్బరికాయ పట్టుకున్న మనిషి చెప్పినట్టే ఉన్నాయి.

"ఈ వాడకు కొత్తనా అమ్మా?" అని అడిగింది ఆమె.

"కొత్తనే బిడ్డా" అని చెంబు తిరిగి ఇచ్చాను.